సెయింట్ ఐవ్స్‌లో సీ వ్యూకి ఎక్స్‌ట్రా కట్టకండి

సెయింట్ ఐవ్స్ ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో ఉన్న సముద్రతీరపు ఊరు. లండన్ నుంచి రైలు, సెయింట్ ఎర్త్‌లో మారితే సముద్రం అంచున చిన్న బండి. ప్రయాణం హాయిగా సాగింది. గొడవంతా బసతోనే.

గది రాత్రికి 142 పౌండ్లు, పైన ‘సీ వ్యూ’ కోసం మరో 25. కిటికీ తీస్తే ఎదురుగా పక్కింటి పైకప్పు, దాని నిండా సీగల్స్ రెట్టలు. సముద్రం ఏదండీ అంటే, కుడివైపు కాస్త వంగి చూడమంది ఓనరమ్మ. మంచమెక్కి మెడ తిప్పితే రెండు పొగగొట్టాల మధ్య బెత్తెడు నీలం! వెబ్‌సైట్‌లో ఫొటో పై అంతస్తు గదిదట. పైసా వెనక్కివ్వలేదు. మావారు ఆ పాతికను రూపాయల్లోకి మార్చుకుని రాత్రంతా సణుగుతూనే ఉన్నారు.

నేను పట్టుబట్టి వెళ్లింది చిత్రకారుడు పీటర్ లాన్యన్ కోసం. 1918లో ఈ ఊళ్లోనే పుట్టాడు. చిత్రకారుడు బెన్ నికల్సన్ దగ్గర పాఠాలు నేర్చుకున్నా, గురువుగారి లెక్కప్రకారం గీసిన వృత్తాలు, చతురస్రాల దగ్గర ఆగిపోలేదు. యుద్ధంలో వైమానిక దళంలో మెకానిక్‌గా పనిచేసి వచ్చాక, కొండా గనీ రేవూ తిరిగి చూసి బొమ్మలు వేశాడు. 1959లో గ్లైడింగ్ (ఇంజిన్ లేని విమానంలో ఎగరడం) మొదలుపెట్టాడు. మరుసటి ఏడు వేసిన ‘థర్మల్’లో పైకి లేచే వేడిగాలే వస్తువు. 1964లో గ్లైడర్ ప్రమాదంలో తగిలిన దెబ్బలతో పోయాడు. అప్పటికి 46 ఏళ్లే.

పోర్త్‌మియర్ బీచ్ మీదున్న టేట్ ఆర్ట్ గ్యాలరీ (పాత గ్యాస్ ఫ్యాక్టరీ స్థలంలో 1993లో తెరిచారు) తప్పకుండా చూడండి. సముద్రం కావాలంటే పై అంతస్తు కేఫ్‌లో టీ తాగండి, మాకు ఇద్దరికీ 7.60 పౌండ్లు అయింది. ఆ గది కంటే వెయ్యి రెట్లు నయం.

మర్నాడు పోర్త్‌లెవెన్ అనే రేవు ఊరికి వెళ్లాం. లాన్యన్ 1951లో ఇదే పేరుతో రేవును నాలుగు వైపుల నుంచీ చూసినట్టు ఒకే నిలువు బోర్డు మీద వేశాడు. ఫోన్‌లో చూపిస్తే ‘ఇందులో ఊరెక్కడుంది?’ అన్నారు మావారు. రేవు చుట్టూ నడిచాక ఫోన్ లాక్కుని, ‘ఇదిగో గడియార స్తంభం!’ అంటూ తనే పట్టేశారు. అక్కడ పాస్టీ (లోపల కూర పెట్టి కాల్చే కజ్జికాయలాంటిది) 6.20 పౌండ్లు. రెండోది కూడా ఆయనే తెప్పించారు, ఈసారి రూపాయల లెక్క లేకుండా.