కారు తాళాలు ఒకేసారి లాక్కోవాలా, మెల్లగా మాన్పించాలా?

మా నాయనకు 74 ఏళ్ళు. తిరుపతిలో, బైరాగిపట్టెడలో ఉంటాం. పోయిన ఏడాది కారు బంపరు ఎడమ మూలన తెల్లటి మరక కనబడితే, ఏంది నాయనా ఇది అని అడిగినా. "ఎవడో గీకిపోయినాడు" అన్నాడు. ఆ సున్నం మా గేటు స్తంభానిదే! అప్పట్నుంచి ఇంట్లో రెండు పార్టీలు: తాళాలు ఈరోజే దాచేద్దామని అక్క, కొంచెం కొంచెంగా తగ్గిద్దామని నేను.

అక్క మాటలోనూ న్యాయముంది. రోజూ పోయే దారే మర్చిపోతున్నా, బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కినా, కళ్ళు తిరిగి పడినా, డాక్టరు సరేననే దాకా బండి ముట్టనివ్వకూడదు, అక్కడ మొహమాటం పనికిరాదు. అలాంటిదేమీ లేని మనిషి దగ్గర తాళాలు లాక్కుంటే మాత్రం, ఆయన మూలనున్న స్కూటర్ తుడిచి బయటికి తీస్తాడు. మా వీధిలో ఒకాయన అదే చేశాడు. కారుకైతే గీత పడుతుంది, స్కూటర్ మీదైతే తుంటి ఎముక విరుగుతుంది.

తగ్గించుకుంటూ పోతే ఆయనకే తెలిసొస్తుంది. మా ఇంట్లో ముందు రాత్రి డ్రైవింగ్ మానేశాడు. శుక్లాలున్న కంటికి ఎదురు హెడ్‌లైట్ పడితే వెలుగంతా చెదిరిపోయి రోడ్డే కనబడదు, రేణిగుంట రోడ్డులో లారీల మధ్య ఆ సంగతి ఆయనకే అర్థమైంది. తర్వాత ఘాట్ రోడ్డు. "కొండకు నేను తోలకపోతే ఎట్టరా" అన్నాడు గానీ, దిగేటప్పుడు మలుపు మలుపుకూ మెడ తిప్పలేక పడిన అవస్థ పక్క సీట్లో కూర్చుని చూసింది నేను. ఇప్పుడు కొండకు ఆర్టీసీ బస్సే. పొద్దున మార్కెట్టుకు, ఎప్పుడన్నా తిరుచానూరుకు మాత్రం తోలుతున్నాడు.

దీంట్లో చిక్కేమంటే, నెలకోసారైనా ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూడాలి, లేకుంటే "ఇంకో ఆర్నెల్లు" అంటూ సాగిపోతుంది. లైసెన్స్ ఉంది కదా అనే మాట నమ్మొద్దు. 55 దాటినాక రెన్యువల్ ఐదేళ్ళకోసారి, దానికి ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం కావాలి, నిజమే. కానీ ఈ వయసులో ఐదేళ్ళంటే చాలా ఎక్కువ, ఏటా కంటి పరీక్ష చేయిస్తేనే మేలు. పైగా డాక్టరు చెబితే వింటాడు, అదే మాట నేనంటే పెత్తనం చేస్తున్నానంటాడు.

డ్రైవర్‌ను పెట్టుకోవడం వేలూరు ఆసుపత్రికో, చెన్నైకో పోయేటప్పుడు సరే, ఊళ్ళో తిరగడానికి దండగ. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, పెట్రోలు కలిపి చీటీ మీద లెక్క రాసి, ఈ డబ్బుతో ఏడాదంతా ఆటోలో తిరగొచ్చని చూపించినా. నాయన చీటీ రెండుసార్లు చదివి అద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"అంతా బాగుంది, ఆటోవాళ్ళతో రోజూ బేరమాడేదెవరు?"