గొంతే పట్టించిన హంతకుడు: ఆరేళ్ల ఆడియో పుస్తకాల అనుభవం

ఉద్యోగరీత్యా హన్మకొండ నుంచి కరీంనగర్‌కు వారానికి అయిదు రోజులు ఆర్టీసీ బస్సులో వెళ్లివస్తాను. ఎల్కతుర్తి, హుజూరాబాద్, మానకొండూరు మీదుగా పోనూ రానూ రోజుకు దాదాపు నాలుగు గంటలు దారిలోనే గడుస్తాయి. బస్సు కుదుపులకు అక్షరాలు కళ్ల ముందు ఆడడం, అరగంట చదివేసరికి తల తిరగడం భరించలేక ఆరేళ్ల కిందట ఆడియో పుస్తకాలకు మారాను. ఇప్పటికి విన్నవి నూట యాభై దాటాయి. వాటిలో సగానికి పైగా డిటెక్టివ్ నవలలు, ఆ తరువాత ఎక్కువగా విన్నవి సంగీతకారుల ఆత్మకథలు. పుస్తకం ఎంత మంచిదైనా చదివే గొంతు కుదరకపోతే వినలేమన్నది అందరికీ తెలిసిందే. అయితే డిటెక్టివ్ నవలకు కుదిరే గొంతు వేరు, ఆత్మకథకు కుదిరే గొంతు వేరు అన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ముందుగా షెర్లాక్ హోమ్స్ అనుకరణల గురించి చెబుతాను. కానన్ డాయల్ రాసిన హోమ్స్ నవలలు 4, కథలు 56. ఈ 60లో నాలుగు కథలను మినహాయిస్తే మిగిలినవన్నీ హోమ్స్ మిత్రుడు డాక్టర్ వాట్సన్ మనకు చెప్పినవే కాబట్టి, పక్క సీటులో కూర్చున్న మిత్రుడు జరిగింది జరిగినట్టు చెబుతుంటే విన్నట్టుగా ఆ కథలు చెవికి సహజంగా అమరుతాయి. డాయల్ 1930లో మరణించారు. రచయిత మరణించాక 60 ఏళ్లకు హక్కులు ముగిసే మన చట్టం ప్రకారం ఆ పాత్రలు ఎప్పుడో అందరివీ అయ్యాయి; అమెరికాలో చివరి కథల హక్కులు కూడా 2023 జనవరి 1తో తీరిపోయాయి. అందుకే హోమ్స్‌ను తీసుకుని ఎవరికి తోచినట్టు వారు రాస్తున్నారు, వాటిలో చాలావాటిని ఆడియోగానూ తెస్తున్నారు.

వీటిలో నాకు బాగా నచ్చినది ఆంటొనీ హొరొవిట్జ్ 2011లో రాసిన ‘ది హౌస్ ఆఫ్ సిల్క్’. హోమ్స్ గతించిన తరువాత, వృద్ధుడైన వాట్సన్ పాత కేసును గుర్తు చేసుకుని రాస్తున్నట్టుగా ఆ నవల నడుస్తుంది. దాన్ని చదివిన నటుడు డెరెక్ జాకోబీ కూడా పెద్ద వయసువారే కావడంతో, ఆయన గొంతులోని వార్ధక్యం నటనలా వినిపించదు. నాసిరకం అనుకరణల్లో ఈ నిదానం ఉండదు. పొగమంచు, గుర్రబ్బండి, వయొలిన్, పైపు అన్నీ మొదటి అధ్యాయంలోనే కుక్కేస్తారు. కాగితం మీదైతే అలాంటి పేరాను కన్ను దాటవేస్తుంది, కానీ చెవికి ఆ వెసులుబాటు లేదు. అవతలి మనిషి లండన్ వీధుల పేర్లన్నీ చదివేదాకా ఊరుకోవలసిందే.

చెవికి ఉన్న మరో ఇబ్బంది ఆధారాలు జారిపోవడం. ఒక నవలలో హంతకుడి ఎడమచేతి తొడుగు తడిగా ఉందన్న ఒకే ఒక్క వాక్యం మీద చిక్కుముడి అంతా ఆధారపడి ఉంది. సరిగ్గా ఆ వాక్యం దగ్గరే మా బస్సు హుజూరాబాద్ బస్టాండులోకి మలుపు తిరిగింది, డ్రైవరు హారను కొట్టాడు, కండక్టరు “జమ్మికుంటోళ్లు దిగుండ్రి” అని కేక వేశాడు. చివర్లో డిటెక్టివ్ ఆ తొడుగు సంగతి ఎత్తేసరికి నాకది మోసంలా తోచింది. ఇంటికి వచ్చి అధ్యాయాలన్నీ వెనక్కి తిప్పి విన్నాక గానీ రచయిత తప్పేమీ లేదని తేలలేదు.

మా బాపు సంగతి ఇంకో రకం. కొమ్మూరి సాంబశివరావు నవలలను అద్దెకు తెచ్చుకుని, డిటెక్టివ్ యుగంధర్‌తో, అసిస్టెంటు రాజుతో పాటు తానూ కేసు విప్పుతూ పెరిగిన తరం ఆయనది. కంటి ఆపరేషన్ అయిన కొత్తలో చదవకూడదన్నారని, ఒక తెలుగు డిటెక్టివ్ నవలను ఫోనులో పెట్టి వినిపించాను. రెండో అధ్యాయంలో తోటమాలి వచ్చి నాలుగు మాటలు మాట్లాడి వెళ్లగానే ఆయన “హంతకుడు వీడే బిడ్డా, అందరివి మామూలుగ సదివి వీనికొక్కనికే గొంతు ఎందుకు మార్చిండు?” అన్నారు. తొమ్మిది గంటల తరువాత నిజంగానే ఆ తోటమాలే పట్టుబడ్డాడు. రచయిత దాచినదాన్ని చదివినవారు రెండు నిమిషాల్లో బయటపెట్టేశారు. డిటెక్టివ్ నవల చదివేవారికి ముందుగా కావలసింది ఈ అదుపే. ధ్వన్యనుకరణకు దేశమంతటా గౌరవం తెచ్చిన నేరెళ్ల వేణుమాధవ్ పుట్టిన ఊరివాళ్లం, గొంతు మార్చడం ఎంత గొప్ప విద్యో మాకెవరూ చెప్పనక్కరలేదు. కానీ అది వేదిక మీది విద్య. నవల చదివేవారు పది పాత్రలకు పది గొంతులు పెట్టనక్కరలేదు, ఎవరు మాట్లాడుతున్నారో తెలిసేంత తేడా చూపితే చాలు.

యాస విషయంలో నా ఫిర్యాదు ఇంకా తీరలేదు. నేను చందా కట్టిన ఒక యాప్‌లో, వరంగల్ పల్లెలో నడిచే నవలను చదివినవారు “గట్లనా”, “ఏమాయె” వంటి మాటలను సినిమాల్లో హాస్యపాత్రల ధోరణిలో సాగదీశారు. దుఃఖంలో ఉన్న తల్లి మాట్లాడే చోట కూడా అదే వరుస. రెండుసార్లు రాసి పంపినా జవాబు రాలేదు. మాట రాకపోతే మామూలుగా చదివినా సరిపోయేది.

ఆత్మకథల దగ్గరికి వస్తే ఈ లెక్క అంతా తారుమారవుతుంది. ఇక్కడ అదుపు కన్నా మనిషి ముఖ్యం. అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 2016లో వెలువరించిన తన ఆత్మకథ ‘బార్న్ టు రన్’ను దాదాపు 18 గంటల పాటు తానే చదివారు. ఆయన పాటలు నేను అంతకుముందు పెద్దగా విన్నవాణ్ని కాను, యాస పట్టుబడడానికి మొదటి రెండు రోజులు కష్టపడ్డాను కూడా. కానీ తండ్రితో తన సంబంధం గురించి, తనను పట్టి పీడించిన మానసిక కుంగుబాటు గురించి చదివే చోట ఆ గొంతులో వచ్చే బరువును ఏ శిక్షణ పొందిన నటుడూ తేలేడనిపించింది. మానకొండూరు దాటాక వచ్చిన ఒక భాగం పూర్తి కాకపోవడంతో, కరీంనగర్ బస్టాండులో దిగి బెంచీ మీద కూర్చుని మిగతాది విన్నాను. ఆ రోజు ఆఫీసుకు ఆలస్యమైంది.

రోలింగ్ స్టోన్స్ బృందపు గిటారిస్టు కీత్ రిచర్డ్స్ 2010 నాటి ‘లైఫ్’ను ముగ్గురు చదివారు: నటుడు జానీ డెప్, జో హర్లీ, కొంత భాగం రిచర్డ్స్ స్వయంగా. మొదటి ఇద్దరూ బాగానే చదివారు. అయితే అసలు మనిషి గొంతు వినిపించగానే, అంతసేపూ పెళ్లికొడుకు లేని పెళ్లికి వెళ్లినట్టు ఉందే అనిపించింది. సంగీతకారుల ఆత్మకథల్లో మరో లోటు, పాట గురించి పేజీలకు పేజీలు చెబుతారు కానీ నేను విన్నవాటిలో చాలావరకు ఆ పాట మాత్రం వినిపించలేదు. పుస్తకం హక్కులు వేరు, పాట హక్కులు వేరు కాబట్టి వారినీ తప్పు పట్టలేము. పక్కన కాగితం పెట్టుకుని పాటల పేర్లు రాసుకుని, ఇంటికి వెళ్లాక వెతికి వినడం అలవాటు చేసుకున్నాను.

తెలుగులో ఇటువంటిది ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఒగ్గుకథను ఊళ్ల నుంచి పెద్ద వేదికల దాకా తీసుకువెళ్లిన జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. ఒగ్గుడోలు పక్కన పెట్టించి, ఆయన బతుకును ఆయన చేతనే పది గంటలు చెప్పించి ఉంటే, డబ్బు పెట్టి కొనేవాళ్లలో మొదటివాణ్ని నేనే అయ్యేవాణ్ని.

యాప్‌ల సంగతి క్లుప్తంగా చెబుతాను. వేగం 1.25 దాటితే డిటెక్టివ్ నవల అర్థమవుతుంది కానీ భయం వేయదు. ఆత్మకథను మాత్రం మామూలు వేగంతోనే వినాలి. బస్సులో ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం మంచిది, లేకపోతే దిగవలసిన చోటు దాటిపోతుంది. ఏడాది చందా గడువు తీరిన మరునాడే, దించుకున్న పుస్తకాలన్నీ తాళం పడి, సగం విన్న నవల సగంలోనే ఆగిపోయిన అనుభవం నాకు ఉంది కనుక, ఇప్పుడు వీలున్నంతవరకు పుస్తకాలను విడిగానే కొంటున్నాను. డిటెక్టివ్ నవలలను ఆదివారం ఇంట్లో బాపు పక్కన కూర్చుని వింటాను, బస్సులో ఆత్మకథలు వింటాను. ఆయన కళ్లు బాగుపడి చాలా కాలమైంది. అయినా రెండో అధ్యాయం పూర్తి కాగానే ఫోను ఆపించి, ఎవరి మీద అనుమానమో నా చేత చెప్పించనిదే మూడోది పెట్టనివ్వరు.