తెగిన కేబుల్ నుంచి దొరికిన సైకిలు దాకా: యూ-లాక్, ఎయిర్‌ట్యాగ్ నాలుగేళ్ళ వాడకం

2021 ఆగస్టులో ఒక తెల్లవారుజామున కూకట్‌పల్లిలో మా అపార్టుమెంటు సెల్లారులోకి దిగితే, నా సైకిలు ఉండవలసిన చోట తెగిన కేబుల్ తాళం ఒక్కటే నేల మీద పడి ఉంది. అది నాలుగంకెల నంబరు తాళం. వంగి చేతిలోకి తీసుకుని చూశాను. చిటికెన వేలంత లావుగా కనిపించే ఆ కేబుల్లో ముప్పాతిక వంతు ప్లాస్టిక్ తొడుగే, లోపల ఉన్న ఉక్కు తీగల పేట పెన్సిలు ములుకు కంటే కాస్త లావు, అంతే. తీగల కొసలన్నీ చివర్లు కత్తిరించిన కొత్త చీపురులా ఒకే మట్టంలో ఉన్నాయి కాబట్టి, కట్టరుతో ఒక్క నొక్కులో తెగిందని అర్థమైంది. పద్దెనిమిది వేలు పెట్టి కొన్న గేర్ల సైకిలును రెండేళ్ళపాటు ప్రతి రాత్రి ఆ తీగ మీద నమ్మకంతోనే వదిలి పైకి వెళ్ళాను.

ఆ రోజు స్టేషనులో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఫ్రేమ్ నంబరు, అంటే సైకిలు చట్రం మీద చెక్కి ఉండే నంబరు, ఎంత అని. నాకు తెలియదు. బిల్లు తీసుకువెళ్ళాను గాని, అందులో సైకిలు మోడలు, ధర తప్ప నంబరు లేదు. ఫోనులో ఉన్న ఫొటోలన్నీ గండిపేట కట్ట మీద దూరం నుంచి తీసుకున్నవి. నలుపు రంగు, ఎర్ర గీతలు అని ఫిర్యాదులో రాసి వచ్చాను. తరువాత నాలుగు ఆదివారాలు ఎర్రగడ్డ సంతలో పాత సైకిళ్ళ మధ్య తిరిగాను, మా చుట్టుపక్కల రిపేరు షాపులన్నింటిలో చెప్పి ఉంచాను. నెలన్నర గడిచాక, పాత సామాను అమ్మే ఒక యాప్‌లో అచ్చం నా సైకిలులాంటిది కనిపించింది. ఎడమ పెడల్ అంచున నేను కింద పడినప్పుడు విరిగిన ముక్క కూడా ఫొటోలో లేనట్టే ఉంది. ఆ ఆత్రంలో చేయకూడని పని చేశాను: ప్రకటనను స్క్రీన్‌షాట్ తీసుకోకుండానే, అమ్మే వ్యక్తిని ఫ్రేమ్ నంబరు ఫొటో పంపమని అడిగాను. పది నిమిషాలలో ప్రకటన మాయమైంది, ఆ ఖాతా కూడా కనిపించలేదు. దొరికినా అది నాదని నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదన్న సంగతి ఆ రాత్రి బాగా బాధపెట్టింది. ఆ సైకిలు తిరిగి రాలేదు.

అదే సంవత్సరం సెప్టెంబరులో కొత్త సైకిలుతో పాటు, యూ ఆకారపు ఉక్కు కొమ్ము ఉండే యూ-లాక్ తాళం ఒకటి, వస్తువు ఎక్కడ ఉందో ఫోనులో చూపించే ఆపిల్ వారి ఎయిర్‌ట్యాగ్ ఒకటి కొన్నాను. ఈ రెండింటినీ నాలుగేళ్ళకు పైగా రోజూ వాడిన అనుభవమే ఈ సమీక్ష.

యూ-లాక్ కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే దాని తప్పులు కొన్ని చెప్పవలసి ఉంది, అవి నాకు వచ్చిన ఒక్క తాళానివే కావచ్చు. కొమ్ము మందం 14 మిల్లీమీటర్లు, గట్టిపరచిన ఉక్కు, బరువు కిలోన్నర, ధర 2,400 రూపాయలు. తాళంచెవి చదునుగా, అంచులకు గాళ్ళు కోసి ఉంటుంది. గుండ్రటి గొట్టంలాంటి తాళంచెవి ఉన్నవి కూడా షాపులో చూపించారు గాని, వాటిని వద్దన్నాను. 2004లో అమెరికాలో పేరున్న ఒక తాళాల కంపెనీ అమ్మిన అలాంటి గొట్టం తాళాలు మామూలు బాల్‌పెన్ను గొట్టంతో తెరుచుకుంటున్నాయని బయటపడి, కంపెనీ వాటిని వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటినా చవక తాళాలలో ఆ గొట్టం తాళంచెవి ఇంకా కనిపిస్తూనే ఉంది. కొనే ముందు మొదట చూడవలసింది తాళంచెవి ఆకారాన్నే అని నా అభిప్రాయం. బ్రిటన్‌లో సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ తాళాలను పరీక్షించి కంచు, వెండి, బంగారం, వజ్రం అని శ్రేణులు ఇస్తుంది. పెట్టె మీద ఆ ముద్ర ఉంటే కొంత భరోసా. నా తాళానికి ఆ ముద్ర లేదు. ఈ రోజు కొనేవాడినైతే ఉన్నదే కొంటాను.

యూ-లాక్‌తో మొదటి రోజునే ఎదురైన ఇబ్బంది దాని చిన్న కడుపు. మా సెల్లారులో ఉన్నవన్నీ అడుగున్నర వెడల్పు సిమెంటు స్తంభాలు, వాటి చుట్టూ ఏ యూ-లాకూ తిరగదు. దేనికీ కట్టకుండా సైకిలుకు సైకిలునే తాళం వేస్తే, ఇద్దరు కలిసి దాన్ని ఎత్తి ఆటోలో వేసుకుపోవచ్చు. మూడు నెలలు అలాగే గడిపాను. చివరకు అసోసియేషను వారిని ఒప్పించి, వెల్డింగ్ షాపులో రెండంగుళాల ఇనుప పైపును బోర్లించిన యూ ఆకారంలో వంచి, రెండు కాళ్ళూ నేలలో అడుగు లోతున సిమెంటు పోయించాను. మొత్తం ఖర్చు తాళం ధర కంటే తక్కువే అయింది. నా దృష్టిలో ఈ నాలుగేళ్ళలో పెట్టిన ఖర్చులలో అన్నిటికంటే విలువైనది అదే. ఇప్పుడు ఆ పైపుకు మా ఇంటివే కాక, పొరుగువారి సైకిళ్ళు కూడా కట్టి ఉంటాయి.

తాళం వేసే తీరు గురించి ఒక మాట. ముందు చక్రానికో, ఫ్రేముకు మాత్రమో వేస్తే మిగిలిన భాగం పోతుంది. పైపు, వెనుక చక్రం రిమ్ము, వెనుక ఫ్రేమ్ త్రికోణం, ఈ మూడూ కొమ్ము లోపలికి వచ్చేలా వేయాలి. ముందు చక్రానికి చేత్తో తిప్పి విప్పే క్విక్ రిలీజ్ ఉంటే, దాన్ని తీయించి, పనిముట్టు ఉంటే గాని విప్పలేని అలెన్ కీ బోల్టు పెట్టించుకోవడం మంచిది. దానికి పెద్దగా ఖర్చు లేదు.

2023 జనవరిలో ఈ తాళానికి అసలైన పరీక్ష ఎదురైంది. సంక్రాంతికి ఊరు వెళ్ళి నాలుగో రోజున తిరిగి వచ్చి తాళం తీయబోతే, కొమ్ము మీద నల్ల పెయింటు లేచిపోయి, పక్కపక్కనే మూడు చోట్ల రంపపు గాట్లు కనిపించాయి. గోరు పెట్టి చూస్తే గోరు అంచు కూడా పూర్తిగా దిగలేదు. కింద నేల మీద విరిగిన హాక్సా బ్లేడు ముక్క ఒకటి దొరికింది, దాని పళ్ళు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. గట్టిపరచిన ఉక్కు మీద మామూలు బ్లేడు జారుతుందని చదివి తెలుసుకోవడం వేరు, ఆ ముక్కను వేలితో తడిమి తెలుసుకోవడం వేరు. అయితే ఇదే తాళం బ్యాటరీతో నడిచే కటింగ్ మిషను ముందు ఎక్కువసేపు నిలవదని కూడా చెప్పాలి. ఆ మిషను చప్పుడుకు, నిప్పురవ్వలకు జనం లేచి చూసే చోట సైకిలును కట్టుకోవడమే మన చేతిలో ఉన్న పని.

తప్పుల సంగతికి వస్తే, తాళాన్ని ఫ్రేముకు తగిలించుకునే ప్లాస్టిక్ పట్టీ ఎనిమిదో నెలలోనే విరిగింది. అప్పటి నుంచి బ్యాగులో మోస్తున్నాను. తాళం రంధ్రాన్ని కప్పే చిన్న మూత రెండో వర్షాకాలానికి ఊడిపోయింది, ఆ తరువాత లోపలికి దుమ్ము చేరి తాళంచెవి బిగుసుకోవడం మొదలైంది. నేను ఇంట్లో ఉన్న కొబ్బరినూనె వేశాను. అది చలికాలంలో గడ్డకట్టి, దుమ్మును మరింత పట్టి ఉంచింది. మా వీధి చివర సైకిల్ షాపు పెద్దాయన దాన్ని కిరోసినుతో కడిగి, కుట్టు మిషను నూనె రెండు చుక్కలు వేసి ఇచ్చారు. ఇప్పుడు రెండు నెలలకోసారి అదే చేస్తున్నాను, ఇబ్బంది రాలేదు.

ఇక ఎయిర్‌ట్యాగ్. 2021లో మన దేశంలో దాని ధర 3,190 రూపాయలు, మా ఆవిడ ఐఫోనుకు దాన్ని జతచేశాము. దీనికి జీపీఎస్ లేదు, సిమ్ కార్డు లేదు. దగ్గరగా వెళ్ళే ఆపిల్ ఫోన్లు దాని బ్లూటూత్ సంకేతాన్ని పట్టి, అది ఎక్కడ ఉందో మనకు చేరవేస్తాయి. అందువల్ల జనం తిరిగే రోడ్డు మీద నిమిషాలలో తెలుస్తుంది, ఐఫోన్లు తక్కువ ఉన్న గల్లీలో గంటల తరబడి పాత చోటే చూపిస్తుంది. లోపల ఉండేది సీఆర్2032 నాణెం బ్యాటరీ, నాకు ఏడాదికి కొంచెం అటూ ఇటూగా వచ్చింది. పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన బ్యాటరీలు కొన్ని దీనిలో పనిచేయకపోవచ్చు, కొనేటప్పుడు చూసుకోవాలి. మొదట దీన్ని ఎవరికీ కనబడకూడదని సీటు కింది గొట్టంలోకి దూర్చాను. లోహపు గొట్టం సంకేతాన్ని చాలావరకు మింగేస్తుంది కాబట్టి, పక్కనే నిలబడినా ఫోనుకు సరిగ్గా దొరికేది కాదు. తరువాత వెనుక ఎర్ర రిఫ్లెక్టరులా కనిపించే ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి సీటు కింద బిగించాను, అప్పటి నుంచి బాగా పనిచేస్తోంది. అది చూశాక మా అమ్మాయి సైకిలుకు కూడా ఇంకొకటి కొన్నాము.

2024 అక్టోబరులో పోయింది ఆ సైకిలే. యూ-లాక్ నా దగ్గర ఉండడం వల్ల, మా అమ్మాయి ట్యూషను దగ్గర సైకిలును మరో పాత కేబుల్ తాళంతో కట్టి లోపలికి వెళ్ళింది. గంటన్నర తరువాత బయటకు వచ్చి ఏడుస్తూ ఫోను చేసింది. ట్యాగ్ అప్పటికే రెండు కిలోమీటర్ల అవతల, మూసాపేట వైపు ఒక గల్లీని చూపిస్తోంది. నేరుగా అక్కడికి పరిగెత్తాలనిపించింది, మా ఆవిడ ఆపింది. ఆపడమే మంచిదైంది. ఫోను మ్యాపులో చూపించే ఆ వృత్తంలో ఇరవై ఇళ్ళు ఉంటాయి, ఎవరి తలుపు కొట్టాలి, కొట్టాక ఏమని అడగాలి?

ఈసారి స్టేషనుకు వెళ్ళేటప్పుడు నా చేతిలో ఫ్రేమ్ నంబరు ఉంది. సైకిలు కొన్న రోజునే బోర్లించి, పెడళ్ళ ఇరుసు ఉండే గూడు అడుగున చెక్కిన అంకెల మీద సుద్దపొడి రుద్ది, అంకెలు తెల్లగా తేలాక ఫొటో తీసి, బిల్లు మీద షాపు వారి చేత అదే నంబరు రాయించుకున్నాను. 11,500 రూపాయల ఆ బిల్లు మరో విధంగానూ అక్కరకు వచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303(2) సెక్షను కిందికి వస్తుంది. అయితే పోయిన వస్తువు విలువ ఐదు వేల రూపాయల లోపు అయితే, మొదటిసారి నేరం చేసినవారు సొత్తు గాని దాని విలువ గాని తిరిగి ఇస్తే సమాజ సేవ శిక్షతో సరిపోతుంది. అలాంటి కేసును మెజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేసే వీలు కూడా లేదు. పాలు, పేపర్లు వేసే వారి పాత సైకిళ్ళు చాలావరకు ఈ ఐదు వేల లోపే ఉంటాయి. పద్దెనిమిది వేల సైకిలు పోతే నాకు వ్యాయామం ఆగింది, అలాంటి పాత సైకిలు పోతే వారికి ఆ పూట సంపాదన ఆగుతుంది, అటువంటి వారికే చట్టం దూరంగా ఉండడం నాకు న్యాయంగా తోచలేదు. ఏదేమైనా బిల్లు చూశాక ఎఫ్ఐఆర్ అదే సాయంత్రం నమోదైంది, ప్రతి ఉచితంగా ఇచ్చారు. అది ఫిర్యాదుదారు హక్కు కాబట్టి, ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి.

ట్యాగ్ విషయంలో కాలం విలువ ఇక్కడే తెలుస్తుంది. ఎవరినైనా రహస్యంగా వెంటాడడానికి దీన్ని వాడకుండా ఉండేందుకు, యజమానికి దూరమైన ఎయిర్‌ట్యాగ్ 8 నుంచి 24 గంటల మధ్య కదిలినప్పుడు తనంతట తానే చప్పుడు చేస్తుంది. 2023 జూలై నుంచి ఐఫోనులోనే కాక, ఆండ్రాయిడ్ ఫోనులో కూడా "మీతో పాటు ఒక ట్యాగ్ కదులుతోంది" అన్న హెచ్చరిక వస్తుంది. మనుషుల రక్షణకు అది అవసరమే, దాన్ని తప్పుపట్టను. కాని దొంగకు కూడా అదే హెచ్చరిక అందుతుంది కాబట్టి, మొదటి రోజు దాటితే ట్యాగ్ ఏ మురుగు కాలువలోనో తేలవచ్చు.

మరునాడు పొద్దున కానిస్టేబుల్ ఒకరు మాతో ఆ గల్లీకి వచ్చారు. ఫోనులో శబ్దం చేయించే బొత్తాన్ని మా ఆవిడ నొక్కుతూ నడిచింది. రెండు చోట్ల ఏమీ వినిపించలేదు. మూడోసారి పాత సామాను కొనే ఒక గుజిరీ కొట్టు రేకు తలుపు వెనుక నుంచి, పిట్ట పిల్ల కూసినట్టు సన్నటి చప్పుడు వచ్చింది. అట్టపెట్టెల కింద మా అమ్మాయి సైకిలు, చక్రాలు అప్పటికే విప్పి పక్కన పెట్టి ఉన్నాయి. ఎవరో కుర్రవాడు ఆరు వందలకు అమ్మి వెళ్ళాడని కొట్టు యజమాని చెప్పాడు. కానిస్టేబుల్ సైకిలును బోర్లించి, నా ఫోనులోని ఫొటో పక్కన పెట్టి అంకెలు ఒక్కొక్కటిగా చదివారు. తొమ్మిదంకెలూ కలిశాయి.

ఆ రోజే ఇంటికి తెచ్చుకోవచ్చనుకున్నాము. అది కేసు సొత్తు కాబట్టి స్టేషను ఆవరణలోనే ఉండిపోయింది. విడిపించుకోవడానికి మెజిస్ట్రేటు కోర్టులో అర్జీ, దానికి ఎఫ్ఐఆర్ ప్రతి, బిల్లు, పూచీకత్తు కావలసి వచ్చాయి. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, కోర్టు ముందుకు వచ్చిన సొత్తు ఫొటోలు, వీడియో తీయించి, వివరాలు రాసిన తరువాత ముప్పై రోజులలో దాన్ని ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలన్న నియమం ఉంది. మాకు అన్నీ కలిపి ఐదు వారాలు పట్టింది. వకీలు ఫీజు, తిరుగుళ్ళు లెక్కవేస్తే సైకిలు ధరలో మూడో వంతు అయింది. అయినా నేను ఆ అర్జీ వేసేవాడినే. స్టేషన్ల వెనుక గోడ పక్కన తుప్పు పట్టి పడి ఉండే సైకిళ్ళలో, ఎవరూ వచ్చి నాదని నంబరు చెప్పలేనివి ఎన్ని ఉంటాయో అని ఆ ఐదు వారాలలో చాలాసార్లు అనుకున్నాను.

మా నాన్నగారి కాలంలో పంచాయతీ వారు సైకిలుకు పన్ను కట్టించుకుని రేకు బిళ్ళ ఇచ్చేవారు. ఆ బిళ్ళ పోయాక సైకిలుకు ఊరూ పేరూ లేకుండా పోయాయి. ఫోను పోతే దాని గుర్తింపు నంబరైన ఐఎంఈఐతో కేంద్ర ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్లో బ్లాక్ చేయించవచ్చు. సైకిలుకు అలాంటి జాబితా లేదు గనుక మన జాబితా మనమే పెట్టుకోవాలి. మా అపార్టుమెంటులో ఉన్న 31 సైకిళ్ళ ఫ్రేమ్ నంబర్లనూ గత డిసెంబరులో సుద్దపొడితో రుద్ది ఒక నోటు పుస్తకంలో ఎక్కించాము. వాచ్‌మన్ సైకిలు నంబరు మీద తుప్పు మందంగా పట్టి ఉంటే, ఇసుక కాగితంతో రుద్ది చదవడానికి అరగంట పట్టింది. దాని బిల్లు ఎప్పుడో పోయింది కాబట్టి, సైకిలు పక్కన ఆయనను నిలబెట్టి ఫొటో తీసి అతికించాము.

యూ-లాక్ ఇంకా వాడుతున్నాను, రంపపు గాట్లు ఉన్న చోట తుప్పు రాకుండా పెయింటు వేశాను. రెండో తాళంచెవి ఊరిలో అమ్మ దగ్గర ఉంది. కేబుల్ తాళాన్ని మాత్రం మా అమ్మాయి ఇప్పుడు హెల్మెట్‌ను సీటుకు కట్టుకోవడానికి వాడుతోంది.