బోర్మాకి పెట్టిన పీఐడీ కంట్రోలర్: ఆటోట్యూన్ బాగుంది, అడాప్టివ్ ఆపేసుకోండి

పలాసలో మా బావ జీడిపప్పు యూనిట్లో కరెంటు బోర్మా (పప్పు ఆరబెట్టే ఓవెన్) ఉంది, దానికున్న పాత థర్మోస్టాట్ పీకేసి ఈ డిజిటల్ పీఐడీ కంట్రోలర్ (టెంపరేచర్ తేడాని బట్టి హీటర్ వేడిని పెంచి తగ్గించేది) పెట్టాం. కంపెనీ పేరు రాయను, డబ్బా మీద ఆటోట్యూన్, అడాప్టివ్, ప్రిడిక్టివ్ అని మూడూ ఉన్నాయి, నిజంగా పనికొచ్చింది మొదటిదే.

అసలు బాధేటంటే ఆలస్యం. హీటర్ వేడి ట్రేలన్నీ దాటి సెన్సార్‌కి చేరేసరికి టైం పడతాది. పాతది 70 డిగ్రీలు చూసి ఆపేసేది గానీ కాయిల్లో ఉన్న వేడి ఇంకా వస్తూనే ఉంటాది కదా, పొయ్యి ఆర్పేసినా పెనం మీద అట్టు మాడినట్టు. డబ్ల్యూ 320 అనే తెల్ల గుండు పప్పు గ్రేడులో పోవాల్సిన పప్పు రంగు తిరిగి స్కార్చ్‌డ్ (మాడిన రంగు) గ్రేడులో పడితే రేటు పోయినట్టే.

ఆటోట్యూన్ చేసే తీరు చూస్తే 1984లో స్వీడన్ వాళ్లు ఆస్ట్రామ్, హాగ్లుండ్ చెప్పిన రిలే పద్ధతే, కావాలనే హీటర్ని ఆన్ ఆఫ్ చేసి టెంపరేచర్ని ఊగిస్తాది, ఊపు ఎంత ఎత్తు, ఎంత సేపు అన్నది చూసి పీ, ఐ, డీ నంబర్లు (ఇప్పటి తేడాకి, పేరుకున్న తేడాకి, తేడా మారే వేగానికి ఎంత స్పందించాలో చెప్పేవి) తనే వేసుకుంటాది. ఖాళీ బోర్మాలో మాత్రం చేయొద్దు, ఆ నంబర్లు నిండు లోడుకి సరిపోవు. సెట్ పాయింట్ (మనం పెట్టే టెంపరేచర్) కాస్త దించుకుని, ట్రేల్లో పప్పు బద్దలేసి చేయండి. ఇంకోటి, సాయంత్రాలు వోల్టేజి పడిపోతాది కదా, 230 బదులు 200 వస్తే హీటర్ పవర్ దగ్గర దగ్గర నాలుగో వంతు తగ్గిపోతాది, అప్పుడు 70కి ఎక్కడం లేటవుతాది, దానికి కంట్రోలర్ని తిట్టి లాభం లేదు.

ప్రిడిక్టివ్ అన్నది నాకు నవ్వొచ్చింది. ఆలస్యాన్ని ముందే లెక్కేసే పద్ధతి 1957లోనే ఓట్టో స్మిత్ చెప్పాడు, బీటెక్‌లో బట్టీ పట్టిందే, దానికి లోపల బోర్మా మోడల్ ఉండాలి, ఆలస్యం ఎంతో తెలియాలి, అది తప్పైతే మళ్లీ ఊగుడే. దీని మెనూలో ఆలస్యం ఇచ్చే చోటే లేదు, మరి దేన్ని ప్రిడిక్ట్ చేస్తాది?

అడాప్టివ్, అంటే నడుస్తుండగానే ఆ నంబర్లు తనే మార్చుకునే మోడ్, ఇంకా ఘోరం. ట్రేలు మార్చడానికి తలుపు తీస్తే టెంపరేచర్ పడతాది, ఇదేమో బోర్మాయే మారిపోయిందనుకుని నంబర్లు మార్చేసుకుంటాది, తలుపేశాక సర్రున ఎక్కిపోతాది. హీటర్ వేడి ఇవ్వగలదు గానీ చల్లబరచలేదు కదా, ఒకసారి దాటిందంటే దానంతటది దిగేదాకా చూస్తూ కూర్చోడమే. సర్వీస్ వాళ్లకి ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు గానీ ఆ మోడ్ ఎలా ఆపాలో వాళ్లకే తెలీదు, మెనూలో వెతికి మేమే ఆపాం, అప్పట్నుంచి 70 దగ్గర బుద్ధిగా ఉంటోంది.

5కి మూడున్నర ఇస్తా. కొనేవాళ్లు సెన్సార్ పీటీ 100 (ప్లాటినం సెన్సార్) అడగండి, మామూలు కే టైప్ థర్మోకపుల్ సెన్సార్‌కి రెండున్నర డిగ్రీల తేడా స్టాండర్డ్‌లోనే ఒప్పుకుంటారు. ఎస్ఎస్ఆర్ (హీటర్ని ఆన్ ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ రిలే) పెడితే దాని వేడి లాగే హీట్ సింక్ విడిగా కొనాలి, డబ్బాలో రాదు.