బండి మీద ఫోన్: మన బుద్ధి ఆపుతుందా, చలాన్ ఆపుతుందా?

బండి నడుపుతూ ఫోన్ మాట్లాడేవాళ్లను మాన్పించడం ఎలా అని అడిగితే సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. "ఎవరి బుద్ధి వాళ్లకుండాలండీ, పోలీసులు ఎంతమంది వెనకాల తిరుగుతారు?" అనేది ఒకటి. "పదివేలు ఫైన్ వేసి చూడండి, చచ్చినట్టు మానేస్తారు" అనేది రెండోది. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ రెండూ ఒకే మనిషి మీద, ఒకే రోడ్డు మీద పనిచేయవు. అందుకే ఏది ఎక్కడ మేలో విడివిడిగా చూడాలి. నా మాట ముందే చెప్పేస్తాను: చట్టమే ముందు రావాలి. అయితే ఇప్పుడు మన దగ్గర అమలవుతున్న తీరులో మాత్రం కాదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకెళ్తుంది. వాట్సాప్ మెసేజ్ ఎవరిదో చూసి, రెండు ముక్కలు చదివి తలెత్తేసరికి మూడు సెకన్లు పట్టిందనుకుందాం. అంటే 50 మీటర్లు రోడ్డు చూడకుండానే వెళ్లినట్టు. ఊళ్ల మధ్య నుంచి పోయే మన హైవేల మీద ఆ 50 మీటర్లలో బర్రె అడ్డం రావచ్చు, స్కూలు పిల్ల రోడ్డు దాటవచ్చు, రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ ఎదురు కావచ్చు.

చూడకుండా కేవలం మాట్లాడితే ఫర్వాలేదా? 1997లో అచ్చయిన ఒక పరిశోధనలో, కెనడాలోని టొరంటోలో ప్రమాదాలకు గురైన 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లులను పరిశీలించారు. ఫోన్ వాడుతున్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం నాలుగు రెట్లు పెరుగుతుందని తేలింది. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, ప్రమాదంలో గాయపడి ఆసుపత్రికి వచ్చిన డ్రైవర్ల మీద చేసిన అధ్యయనంలోనూ అదే నాలుగు రెట్లు. చెవికి పెట్టుకున్నా, చేతులు ఖాళీగా ఉంచుకుని మాట్లాడినా తేడా కనిపించలేదన్నది రెండింటిలోనూ ఉన్న అసలు సంగతి. పక్క సీట్లో కూర్చున్న మనిషి ఎదురుగా లారీ రావడం చూసి మాట ఆపుతాడు. ఫోన్‌లో ఉన్న మనిషికి ఆ లారీ కనపడదు. ఆయన అడుగుతూనే ఉంటాడు, మనం జవాబు వెతుక్కుంటూనే ఉంటాం.

ఇంత ఉన్నా ప్రభుత్వ లెక్కల్లో ఫోన్ చాలా చిన్నగా కనిపిస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలో పడ్డాయి. ఫోన్ పేరిట నమోదైనవి రెండు మూడు శాతమే. ప్రమాదం జరిగాక ఫోన్ జేబులోకి పోతుంది, లేదా పగిలి రోడ్డు పక్కన పడి ఉంటుంది. తాగి నడిపినవాడిని ఊదించి పట్టుకోవచ్చు. ఫోన్ చూస్తూ నడిపినవాడిని తర్వాత పట్టుకోవాలంటే కాల్ రికార్డులు తెప్పించాలి, టైము సరిపోల్చాలి. అంత తీరిక ఏ స్టేషన్‌కీ ఉండదు. కాబట్టి రెండు మూడు శాతమే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

బుద్ధి వైపు నుంచి

సొంత బాధ్యతకు ఉన్న బలం పెద్దది. దానికి కెమెరా అక్కర్లేదు, కానిస్టేబుల్ అక్కర్లేదు. అర్ధరాత్రి ఆదిలాబాద్ అడవి దారిలోనూ, పొలాల మధ్య సింగిల్ రోడ్డు మీదా అదొక్కటే ఉంటుంది. బ్లూటూత్‌లో మాట్లాడటం లాంటి, చట్టం తప్పు పట్టని చోట కూడా అదొక్కటే ఆపగలదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి డిక్కీలో పడేసే మనుషులు నాకు తెలుసు. ఎవరి కాల్ వచ్చినా బండి పక్కకు ఆపి మాట్లాడేవాళ్లూ తెలుసు. వాళ్లను చూస్తే గౌరవం కలుగుతుంది. అందరూ అలా ఉంటే ఈ చర్చే లేదు.

అలా ఉండకపోవడానికి కారణం మనుషులు చెడ్డవాళ్లు కావడం కాదు. ఫోన్ చూస్తూ నడిపి క్షేమంగా ఇల్లు చేరిన ప్రతిసారీ, ఏం కాదులే అన్న నమ్మకం గట్టిపడుతుంది. "ఇన్నేళ్ల నుంచి మాట్లాడుతూనే నడుపుతున్నా, ఏమైంది?" అనే మాట అందులోంచే వస్తుంది. ఆ నమ్మకం తప్పని తెలిసే రోజు ఎవరో ఆసుపత్రిలో ఉంటారు. పైగా ఆ ఎవరో మాట్లాడినవాడే కానక్కర్లేదు. హెల్మెట్ పెట్టుకోకపోతే పగిలేది ముందు సొంత తలే. ఫోన్ విషయంలో తప్పు ఒకరిది, దెబ్బ తరచుగా ఇంకొకరిది. జీబ్రా క్రాసింగ్ మీద నడిచి వెళ్లే ముసలాయన ప్రాణం, కారులో ఉన్న అపరిచితుడి విచక్షణ మీద ఆధారపడి ఉండాలనడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇంకో సంగతి. 2017 మార్చి నుంచి బ్రిటన్‌లో చేతిలో ఫోన్‌తో నడుపుతూ దొరికితే 200 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పెనాల్టీ పాయింట్లు. లైసెన్సు వచ్చిన రెండేళ్లలోపు ఆరు పాయింట్లు పడితే ఆ లైసెన్సే పోతుంది. అక్కడ చదువుకోవడానికి వెళ్లి కొత్తగా లైసెన్సు తీసుకున్న మన పిల్లలకు ఈ లెక్క బాగా తెలుసు. లండన్‌లో ఫోన్ ముట్టుకోని అదే అబ్బాయి సెలవులకు విజయవాడ వచ్చాక బెంజ్ సర్కిల్ దగ్గర ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పుతూ మాట్లాడితే, విమానంలో బుద్ధి మారిందని అనుకోగలమా? మారింది దొరికిపోతామన్న భయం. మనం మంచి అలవాటు అనుకునేదానిలో సగం, ఎప్పుడో ఒక కచ్చితమైన నియమం నేర్పిందే.

చట్టం వైపు నుంచి

మన దగ్గర చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం సెక్షన్ 184లో, చేతిలో ఫోన్ పట్టుకుని నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగ్ కింద స్పష్టంగా చేర్చారు. మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే జరిమానా 10,000 రూపాయలు, లేదా రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ. 2020 అక్టోబర్ నుంచి దారి చూసుకోవడానికి మాత్రం, ఏకాగ్రత చెడకుండా, ఫోన్ వాడుకోవచ్చని నిబంధన మార్చారు. పెరిగిన జరిమానాలను తెలంగాణ ప్రభుత్వం అప్పట్లో అమలు చేయబోమంది. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబర్‌లో జరిమానాలు పెంచింది.

కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. రోడ్డు మీద నంబర్ ప్లేటుకు మాస్కు తగిలించేవాళ్లు, ప్లేటు వంచేవాళ్లు, వెనక కూర్చున్న మనిషి చేత చెయ్యి అడ్డం పెట్టించేవాళ్లు, ముందు చెకింగ్ ఉందని గ్రూపులో మెసేజ్ పెట్టేవాళ్లు ఉన్నారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇది కాదు, డిస్కౌంట్లు. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద టూవీలర్లకు 75 శాతం రాయితీ ఇచ్చారు. 2023 డిసెంబర్ చివర్లో మళ్లీ ఇచ్చి, ఈసారి 80 శాతం చేశారు. వసూలు బాగానే అయి ఉండవచ్చు. కానీ వెయ్యి రూపాయల చలాన్ రెండు వందలకు తెగుతుందని తెలిశాక, వెంటనే కట్టినవాడికి తానెందుకు కట్టానా అనిపించదా? కట్టకుండా ఆగితే శిక్ష తగ్గుతుందన్న పాఠాన్ని ప్రభుత్వమే నేర్పినట్టయింది. 2017 ఆగస్టు 1న తెలంగాణలో పాయింట్ల పద్ధతి కూడా మొదలుపెట్టారు. 24 నెలల్లో 12 పాయింట్లు పడితే ఏడాదిపాటు లైసెన్సు ఉండదని నియమం పెట్టారు. డబ్బున్నవాడినీ లేనివాడినీ సమానంగా తాకే శిక్ష అది. జరిమానా కంటే దాన్నే గట్టిగా పట్టుకుని ఉండాల్సింది.

చట్టం ఉంటే చాలదనడానికి అమెరికాలో ఒక ఉదాహరణ ఉంది. టెక్స్టింగ్ నిషేధించిన నాలుగు రాష్ట్రాల్లో బీమా క్లెయిములను అక్కడి హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ పరిశీలించి 2010లో ఫలితాలు చెప్పింది. ప్రమాదాలు తగ్గలేదు, కొన్నిచోట్ల కాస్త పెరిగాయి కూడా. పోలీసులకు కనపడకుండా డ్రైవర్లు ఫోన్‌ను ఒళ్లోకి దించుకుని ఉంటారని, దాంతో కళ్లు రోడ్డుకు ఇంకా దూరమై ఉంటాయని ఆ సంస్థ అంచనా వేసింది. దొరుకుతామన్న భయం అరకొరగా ఉంటే మనిషి మానేయడు, దాచుకుంటాడు.

భయం పూర్తిగా ఉంటే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ చూపించింది. 2019 డిసెంబర్ 1న అక్కడ ఫోన్‌ను పట్టే కెమెరాలు మొదలయ్యాయి. అద్దంలోంచి డ్రైవర్ చేతులను, ఒడిని ఫోటో తీస్తాయి. అంటే ఒళ్లో దాచుకున్నా దొరుకుతుంది. మొదటి మూడు నెలలు హెచ్చరిక ఉత్తరాలే పంపారు. 2020 మార్చి 1 నుంచి జరిమానా, పాయింట్లు. అంతకుముందు ప్రయోగ దశలో దాదాపు 82 మంది డ్రైవర్లకు ఒకరు ఫోన్‌తో కనిపించారు. తర్వాతి సంవత్సరాల్లో అది వందల మందిలో ఒకరికి పడిపోయింది. అక్కడివాళ్లందరికీ ఒక్కసారిగా జ్ఞానోదయం కాలేదు. ఏ రోడ్డు మీదైనా కెమెరా ఉండవచ్చని తెలిసింది, అంతే.

పక్కపక్కన పెట్టి చూస్తే

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, లేదా హెల్మెట్‌లోకి దూర్చి మాట్లాడే మనిషి విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. అక్కడ చట్టమే మేలు. ఆ మనిషికి అది తప్పని తెలుసు, పోలీసు కనపడగానే ఫోన్ దించుతాడు. తెలిసినవాడికి మళ్లీ అవగాహన సదస్సులు అక్కర్లేదు.

మండల కేంద్రం నుంచి ఊరికి పోయే దారిలో పోలీసు ఉండడు, కెమెరా ఇప్పట్లో రాదు. అక్కడ ఇంటివాళ్ల మాటే పనిచేయాలి. అది నడిపేవాడి బాధ్యత ఒక్కటే కాదు, ఫోన్ చేసేవాళ్లది కూడా. "ఎక్కడున్నావ్?" అని అడిగితే "బండి మీదున్నా" అని జవాబు వచ్చాక కూడా "సరే, ఒక్క మాట విను" అని కొనసాగించే అమ్మలు, భార్యలు, మేనేజర్లు ఎందరో. ఎత్తకపోతే కంగారుపడి పదేపదే చేసేవాళ్లూ ఉన్నారు, ఆ టెన్షన్ భరించలేక ఎత్తేవాళ్లూ ఉన్నారు. వీళ్లను ఏ సెక్షన్ కిందా పట్టుకోలేం.

కారులో బ్లూటూత్ కూడా ప్రస్తుతానికి బుద్ధికి వదిలేయాల్సిందే. పరిశోధనలు వద్దంటున్నా, పెదాలు కదలడం చూసి చలాన్ రాయలేం. తేల్చి చెప్పుకోవలసినవి ఉంటే, లెక్కలుంటే, గొడవలుంటే కారు ఆపి మాట్లాడుకోవాలి. "వచ్చేస్తున్నా, పది నిమిషాలు" అన్నదానికీ, అరగంట ఆఫీసు మీటింగ్‌కీ తేడా ఉంది.

డెలివరీ అబ్బాయిల దగ్గరికి వచ్చేసరికి రెండు వాదనలూ తడబడతాయి. స్విగ్గీ, జొమాటో, ర్యాపిడో, ఓలా, ఉబర్ ఏదైనా సరే, వాళ్ల ఉద్యోగమే ఫోన్‌లో ఉంది. ఆర్డర్ తెర మీద కనిపించిన కొద్ది సెకన్లలో నొక్కకపోతే ఇంకొకరికి పోతుంది. దారి ఫోన్‌లోనే, కస్టమర్ "ఇంకా ఎంతసేపు?" అని చేసేదీ ఫోన్‌కే. అతనికి బాధ్యత గురించి చెప్పడమంటే, ఆ రోజు సంపాదన వదులుకోమని చెప్పడమే. వెయ్యి రూపాయల చలాన్ వేస్తే ఒక రోజు కూలీ పోతుంది, మర్నాడు అది పూడ్చుకోవడానికి ఇంకా వేగంగా తిరుగుతాడు. తప్పు చేయక తప్పని పని పెట్టినవాళ్లను వదిలి, చేసినవాణ్ణి పట్టుకోవడం చట్టం కాదు.

ఈ చిక్కుకు దారి ఎలా ఉంటుందో మన ఆర్టీసీయే కొంత చూపించింది. 2025 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ఆర్టీసీ కొన్ని డిపోల్లో ప్రయోగాత్మకంగా, డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్లు ఫోన్లు డిపోలో అప్పగించి వెళ్లే పద్ధతి పెట్టింది. డ్రైవర్‌ను మంచివాడిగా ఉండమని బతిమాలలేదు, దొరికాక శిక్షిస్తామని కూర్చోలేదు. బస్సులోకి ఫోనే రాకుండా చూసింది, ఆ పూచీ సంస్థ తీసుకుంది. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు మీద స్కూలు బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు పోయినప్పుడు, డ్రైవర్ ఫోన్‌లో ఉన్నాడని వార్తలొచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్లకు, 2019 మొదట్లో, బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లే లేకుండా చేశారు. ఒక్కడి ఏమరపాటుకు అంతమంది బలి కాకుండా చూడగలిగేది అలాంటి ఏర్పాటే.

కాబట్టి నా వరుస ఇది. పట్టణాల్లో, హైవేల మీద కెమెరాలతో తప్పనిసరిగా పడే శిక్ష ఉండాలి. అది చిన్నదైనా ఫర్వాలేదు, డిస్కౌంట్ మాత్రం ఉండకూడదు. పదేపదే దొరికితే డబ్బు కాదు, లైసెన్సు పోవాలి. ఇంటివాళ్లు, బాసులు బండి మీదున్న మనిషికి ఫోన్ చేయకపోవడం మన వంతు. డెలివరీ, క్యాబ్ కంపెనీలకు మాత్రం కొత్త నియమం రావాలి. బండి కదులుతోందో ఆగి ఉందో వాళ్ల యాప్‌కు తెలుసు, ఎంత వేగంతో పోతోందో కూడా తెలుసు. బండి ఆగేదాకా కొత్త ఆర్డర్ తెర మీదికి రాకూడదని, అలా ఆగినందుకు ఆర్డర్ గానీ రేటింగ్ గానీ పోకూడదని, కాదంటే జరిమానా కంపెనీ మీదే పడుతుందని రాయడానికి నాలుగు వాక్యాలు చాలు.