పాత పెన్నీలకు ఈ కాటా చాలు, కానీ...

అమెరికా పాత నాణేలు పోగుచేయడం మొదలుపెట్టినవాళ్లకు అందరూ ముందు భూతద్దం కొనమంటారు. నేనైతే దానికన్నా ముందు గ్రాములో నూరో వంతు చూపించే జేబు కాటా కొనమంటాను. నాది కొని ఏళ్లయింది. సెల్‌ఫోనంత ఉంటుంది, స్టీలు పళ్లెం, పైన మూత. దాని మీద నాకింత ప్రేమ పుట్టడానికి కారణం 1982 పెన్నీలు, అంటే ఒక సెంటు నాణేలు.

ఆ ఏడాదిలోనే పెన్నీని రాగి నుంచి జింకుకి మార్చారు. పాతది 95 శాతం రాగి, 3.11 గ్రాములు. కొత్తది రాగి పూత పూసిన జింకు, 2.5 గ్రాములు. రెండింటి మీదా అదే లింకన్, అదే సంవత్సరం. పైగా తేదీలో పెద్ద అంకెలు, చిన్న అంకెలు అని మరో గొడవ. డెన్వర్ మింట్ (నాణేలు కొట్టే కర్మాగారం) నుంచి చిన్న అంకెలతో రాగి పెన్నీ రానే లేదని చాలాకాలం అనుకున్నారు. 2016లో ఒకటి బయటపడింది. అప్పట్నుంచి చిన్న అంకెలూ, కింద డెన్వర్ గుర్తు ‘డి’ అక్షరమూ కనిపిస్తే తూచేదాకా నాకు మనసు ఆగదు. ఇంతవరకూ అన్నీ 2.5 దగ్గరే ఆగాయి. అయినా తెర మీద మొదటి అంకె 3 పడుతుందేమోనని చూసే ఆ అర క్షణం ఉంది చూశారూ, బ్యాంకులో కాగితం చుట్టి ఇచ్చే నాణేల రోల్‌కి పెట్టిన డబ్బులు అక్కడే గిట్టుబాటు.

గత చలికాలం మాత్రం ఏడిపించింది. బ్యాంకు నుంచి తెచ్చిన రోల్ విప్పి తూస్తుంటే ఒక 1982 పెన్నీ 2.81 చూపించింది. రాగీ కాదు, జింకూ కాదు. తప్పు బిళ్ల మీద అచ్చుపడ్డ నాణెమేమోనని గుండె కొట్టుకుంది. తీసి మళ్లీ పెడితే 2.68. తీసేశాక ఖాళీ పళ్లెం మీద 0.14. అప్పుడు తళతళలాడే కొత్త నికెల్ (ఐదు సెంట్ల నాణెం) ఒకటి పెట్టాను. నికెల్ ప్రామాణిక బరువు సరిగ్గా 5 గ్రాములు. ఇది 5.22 అంది. నాణెంలో ఏ వింతా లేదు, దారి తప్పింది కాటాయే. సరిచేద్దామంటే 100 గ్రాముల తూకం రాయి కావాలి. పెట్టెలో అది రాలేదు, అమ్మినవాళ్లు విడిగా కొనుక్కోమన్నారు. ఒళ్లు మండింది. అంతలో తట్టింది: నికెళ్ల రోల్‌లో నలభై ఉంటాయి, అందులో సగం అంటే సరిగ్గా 100 గ్రాములు! ఒక్కోదాంట్లో కాస్త ఎక్కువతక్కువలున్నా ఇరవై కలిస్తే చాలావరకు సర్దుకుంటాయి. వాటితోనే కాలిబ్రేట్ చేశాను. అంకె కుదిరింది గానీ వణుకు తగ్గలేదు. చివరికి చూస్తే బల్ల మీదికి సరిగ్గా హీటర్ గాలి కొడుతోంది. మన బంగారం కొట్లలో కాటాకి గాజు పెట్టె ఎందుకు పెడతారో అప్పుడు అర్థమైంది. వంటింటి గట్టు మీదికి మార్చాక అదే పెన్నీ బుద్ధిగా 2.51 చూపించింది. నిమిషం ముట్టుకోకపోతే దానంతటదే ఆరిపోయే జబ్బు మాత్రం ఇప్పటికీ ఉంది. ఒక నాణెం తేదీని దీపం దగ్గర చూసి వచ్చేసరికి మళ్లీ మొదటినుంచీ.

భూతద్దం కన్నా ముందు అన్నాను కదా, అది 1982 పెన్నీల వరకే. 1964 దాకా వచ్చిన వెండి క్వార్టర్ (పావు డాలరు నాణెం) 6.25 గ్రాములు, తర్వాతది 5.67. కాటా చెప్పేస్తుంది, కానీ అంచున రాగి చార ఉందో లేదో చూసినా తెలిసిపోతుంది. 1943 స్టీలు పెన్నీకి అయస్కాంతం చాలు. 1942-45 మధ్య 35 శాతం వెండితో వచ్చిన నికెళ్ల దగ్గరైతే కాటా అసలు చేతులెత్తేస్తుంది, అవీ 5 గ్రాములే. బొరుసు వైపు ఉన్న మాంటిచెల్లో భవనం గుమ్మటం పైన మింట్ గుర్తుగా పెద్దక్షరం ఉందా అని చూసుకోవాల్సిందే. ఇక శాన్‌ఫ్రాన్సిస్కోలో 4,84,000 మాత్రమే కొట్టిన 1909 వి.డి.బి. పెన్నీ ఉంది (వి.డి.బి. అంటే దాన్ని రూపొందించిన విక్టర్ డేవిడ్ బ్రెన్నర్ పొడి అక్షరాలు). ఏ మింట్ గుర్తూ లేని మామూలు ఫిలడెల్ఫియా పెన్నీ మీద శాన్‌ఫ్రాన్సిస్కో గుర్తు ‘ఎస్’ అతికించి అమ్మే మోసగాళ్లున్నారు. బరువు నిక్కచ్చిగా ఉంటుంది, నాణెం మాత్రం దొంగది. అక్కడ భూతద్దమే దిక్కు.

నేను బ్యాంకు రోల్స్ విప్పుకునే రకం, ముఖవిలువకు మించి పెట్టేది తక్కువ. కాబట్టి ఇరవై డాలర్ల లోపు పెట్టిన ఈ కాటా నాకు బాగానే పనికొచ్చింది. గ్రేడింగ్ (నాణెం స్థితికి నిపుణులు ఇచ్చే శ్రేణి) అయి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసినవే కొనేవాళ్లయితే తూచడానికి నాణెం బయటికే రాదు, వాళ్లకిది దండగ.