పదహారు అడుగుల పాత ఫైబర్ బోటు: నా చేత్తో బాగుచేసి నాలుగేళ్లు తిప్పాక

ఈ మార్చిలో బోటును రేవులోంచి గట్టు మీదకి లాగి బోర్లించి, చిన్న సుత్తి పట్టుకుని అణియం (ముందు కొస) నుంచి అమరం (మోటారు బిగించే వెనక కొస) దాకా జానెడు జానెడు కొట్టుకుంటూ వచ్చాను. 2021 నవంబరులో నీళ్లలోకి దింపిన దగ్గర్నుంచి ఏటా వేసవి ముందు ఇదే పని. సుత్తి ‘ఠంగ్’మంటే ఫైబరు గట్టిగా ఉన్నట్టు. ‘డబ్’మంటే లోపల పొర విడిపోయిందనో, చెక్క కుళ్లిందనో. సంతలో కుండ కొనేటప్పుడు మా అమ్మ వేలితో కొట్టి చూస్తుందే, అదే విద్య. బోటు కొన్న రోజే నాకు ఇది తెలిసుంటే పదిహేను వేలూ, ఒక వేసవీ మిగిలేవి.

నేను తాళ్లరేవు దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారిని. కోరంగి, తాళ్లరేవుల్లో చెక్క ఓడలు కట్టిన చరిత్ర ఉంది గానీ, మా వంశంలో ఉలి పట్టినవాళ్లు లేరు. 2020 చివర్లో కరోనాతో స్కూళ్లు సరిగ్గా నడవని రోజుల్లో, యానాం వైపు ఒక కొబ్బరితోటలో బోర్లించి ఉన్న ఈ బోటు కంటపడింది. సునామీ తర్వాత వచ్చిన బోటండీ అన్నాడు యజమాని. 2004 డిసెంబరు 26 తర్వాత మన తీరానికి సాయం కింద ఫైబరు బోట్లు చాలానే వచ్చాయి కాబట్టి నమ్మాను. రంగు వెలిసిపోయి, పక్క గోడకి పిడికిలంత కన్నం. కన్నం పూడ్చి రంగేస్తే అయిపోతుందనుకుని 22 వేలకి బేరం కుదుర్చుకున్నాను. ట్రాక్టరు ట్రాలీ ఎక్కించడానికి ఎనిమిది మంది పట్టారు. పదహారు అడుగుల బోటు అంత బరువు ఎందుకుండాలన్న ఆలోచన లెక్కల మాస్టారినైన నాకు రాలేదు.

మూడు నెలలు ఆదివారాలన్నీ పై పనికే పెట్టాను. కన్నం పూడ్చాను, గీతలకి పుట్టీ పెట్టాను, నీలం జెల్‌కోట్ (ఫైబరు మీద పూసే రంగు రెజిన్ పూత) కూడా వేసేశాను. అప్పుడు ఊళ్లో బోట్ల పని చేసే పెద్ద మేస్త్రిని పిలిచి గర్వంగా చూపించాను. ఆయన రంగు వైపు చూడనే లేదు. నేరుగా అమరం దగ్గరికి వెళ్లి, మోటారు బిగించే పలక మీద సుత్తి వెనక్కి తిప్పి రెండు దెబ్బలు వేశాడు. “ఆయ్, ఇది పైకి బోటేనండి మాస్టారూ. లోపల పేడ కుప్ప,” అన్నాడు. మోటారు బోల్టు కన్నంలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే నల్లటి చెక్క తడి పొట్టులా రాలింది.

పాత ఫైబరు బోటు కొనేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. ఫైబరు అంత సులువుగా చావదు. దాని లోపల దాచిన చెక్కా, ఫోమూ చస్తాయి. అమరంలో రెండు ఫైబరు పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది, మోటారు లాగుడంతా దాని మీదే. బోల్టు కన్నం వేసినవాడు లోపలి చెక్క అంచుకి రెజిన్ (ఫైబరు పొరల్ని అతికించి గట్టిపడే జిగురు) పట్టించకపోతే ఆ కన్నంలోంచి నీళ్లు దిగుతాయి. దిగిన నీళ్లకి బయటికి దారి ఉండదు.

లోపలి వైపు ఫైబరు పొర గ్రైండరుతో కోసి తీసి, కుళ్లిన చెక్కంతా ఉలితో గీకేశాం. దానికే రెండు ఆదివారాలు పట్టింది. కొత్త ప్లైవుడ్ దగ్గర ఒక షాపులో మోసపోయాను. మెరైన్ అని బిల్లు రాసిచ్చారు. అనుమానమొచ్చి ఒక ముక్క కోసి పాత గిన్నెలో వేసి కట్టెల పొయ్యి మీద మరిగించాను. మెరైన్ ప్లైవుడ్‌కి ఐ.ఎస్. 710 ప్రమాణం, అది 72 గంటలు మరిగినా పొర విడకూడదు. నాది మధ్యాహ్నం భోజనాల వేళకే పేజీలు పేజీలుగా విడిపోయింది. “ఉడికిందా? వార్చేయనా?” అని అమ్మ వెటకారం. రెండోసారి వేరే చోట, పలక మీద ముద్ర చూసి కొన్నాను. 18 మిల్లీమీటర్లవి రెండు పలకలు, మధ్యలో రెజిన్‌లో తడిపిన మ్యాట్ (గాజు పీచు గుడ్డ) పెట్టి అతికించి, అంచులన్నీ రెజిన్‌తో మూసి కూర్చోబెట్టాం. ఇక బోల్టు కన్నాల సంగతి. కావలసిన దానికంటే పెద్ద కన్నం వేసి, దాన్ని చిక్కటి రెజిన్ ముద్దతో నింపి, గట్టిపడ్డాక ఆ ముద్ద మధ్యలోంచి అసలు కన్నం వేయాలి. అప్పుడు బోల్టు పక్కన నీళ్లు దిగినా చెక్కని తాకవు. నాలుగు వర్షాకాలాలు, ఉప్పునీళ్లు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న మోటారు అదురు, ఇన్నీ తిని ఈ మార్చిలో కూడా అమరం ఠంగ్‌మంది. మొత్తం బోటులో నాకు నచ్చే భాగం ఎవరికీ కనబడని ఆ పలకే.

ఎనిమిది మంది ఎందుకు పట్టారో తర్వాత తెలిసింది. నీళ్లు నిండినా బోటు తేలాలని కూర్చునే బల్లల కింద పెట్టెల్లో నింపిన పసుపురంగు ఫోమ్ ఏళ్ల తరబడి నీళ్లు పీల్చేసింది. ఎండలో పెడితే ఆరుతుందేమోనని నెల చూశాను, ఆరలేదు. తవ్వితే పదకొండు బస్తాలు. ఎరువుల కొట్టు కాటా మీద పెడితే 140 కిలోలు. దాని స్థానంలో ఏం పెట్టాలన్నది నా రెండో అఘాయిత్యం. థర్మోకోల్ దిమ్మలు పేర్చి, పైన మ్యాట్ వేసి రెజిన్ పూశాను. కళ్లముందే థర్మోకోల్ నీళ్లలో వేసిన పంచదార చిలకలా కరిగి కిందికి దిగిపోయింది. పాలియెస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్‌కి థర్మోకోల్ నిలవదట. మేస్త్రి నవ్వలేదు గానీ, టీ తాగొస్తానని పక్కకి వెళ్లాడు. చివరికి మూత గట్టిగా బిగించిన ఇరవై లీటర్ల ఖాళీ క్యాన్లు పన్నెండు, తాళ్లతో కట్టి పెట్టాం. ఒక్కోటి దాదాపు ఇరవై కిలోలని తేలుస్తుంది, పన్నెండు కలిపి 240. మోకాలి లోతు నీళ్లలో బోటు నిండా నీళ్లు పోసి చూశాం, మునగలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదాన్ని గోదావరి ఒడ్డున ఎవరూ మర్చిపోలేదు. ఈ పరీక్ష కళ్లారా చూశాకే, అదీ ఇంటిల్లిపాదికీ లైఫ్ జాకెట్లు కొన్నాకే, మా ఆవిడ బోటెక్కింది.

రెజిన్ పని రాదని భయపడేవాళ్లుంటారు. చెయ్యి తిరగడానికి నాకు నాలుగైదు ఆదివారాలు పట్టింది, అంతే. కానీ దానికి దాని కోపం ఉంది. రెజిన్‌లో ముందు కోబాల్ట్ (గట్టిపడే వేగం పెంచే మందు) వేసి బాగా కలిపాకే హార్డెనర్ (గట్టిపరిచే మందు) వేయాలి. కోబాల్ట్‌నీ హార్డెనర్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోశారో, భగ్గుమంటుంది, పేలుతుంది కూడా. రెండు సీసాలూ ఒక సంచిలో కూడా తేకండి. ఇప్పుడు చాలా చోట్ల కోబాల్ట్ ముందే కలిపిన రెజిన్ దొరుకుతోంది, కొత్తవాళ్లకి అదే మేలు. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయనని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం రెండు గంటలకి, తొందరగా ఆరాలని వందకి రెండు పాళ్లు హార్డెనర్ వేసి రెండు కిలోలు ఒకేసారి కలిపాను. బ్రష్ ముంచేలోపు మగ్గులో ఉడుకు మొదలైంది, పొగ, మగ్గు అడుగు వంగి కూర్చుంది. ఆ తర్వాత పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా పని, అరకిలో చొప్పున కలపడం, వందకి ఒక పాలు హార్డెనర్. వానాకాలంలో ఇంకో గొడవ. గోడ వారన నిలబెట్టిన మ్యాట్ చుట్ట తేమ పట్టింది, వేసిన చోటల్లా రెజిన్ తాగక తెల్లగా పాలిపోయింది. ఆ పొరలన్నీ గ్రైండరుతో లేపి మళ్లీ వేయాల్సొచ్చింది.

కొలతలు కావలసినవాళ్లకి నా పుస్తకంలో రాసుకున్నవి చెబుతాను. చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే మ్యాట్ ఒక పొర ఆరాక దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది. కిలో మ్యాట్‌కి రెండు, రెండున్నర కిలోల రెజిన్. కన్నం పూడ్చేటప్పుడు కన్నం వరకే అతుకు వేస్తే అది బిరడాలాగ ఊడొస్తుంది. చుట్టూ గోడ మందానికి పన్నెండు రెట్ల దూరం పళ్లెం అంచులా వాలుగా గీకాలి. అయిదు మిల్లీమీటర్ల గోడకి చుట్టూ ఆరు సెంటీమీటర్లు. పొరకీ పొరకీ మధ్య ఇనుప రోలర్‌తో గాలి బుడగలు నొక్కేయాలి. పై పొర మర్నాటికి కూడా జిగటగా ఉంటే కంగారు పడక్కర్లేదు, గాలి తగిలే చోట ఈ రెజిన్ పైన ఆరదు. ఆఖరి పొర మీద ప్లాస్టిక్ షీటు పరిస్తే గట్టిపడుతుంది.

గ్రైండర్ ధూళి గురించి ఎంత చెప్పినా తక్కువే. మొదటి రోజు లుంగీ, బనీనుతో దిగాను. ఆ రాత్రి నిద్ర లేదు, ఒళ్లంతా గాజు సూదులు. చన్నీళ్లతో స్నానం చేయాలట. నేను వేణ్నీళ్లు పోసుకుని ఇంకా లోపలికి ఎక్కించుకున్నాను. తర్వాత ఫుల్ చేతుల చొక్కా, చేతులకి, మెడకి ముందే పౌడర్, రెండు ఫిల్టర్ల మాస్కు. బట్టలు మిగతా వాటితో కలిపి ఉతికినందుకు వారం రోజులు మా ఆవిడ మాట్లాడలేదు.

నాలుగేళ్లలో పాడైనవి కూడా చెప్పాలి. నేను ముచ్చటపడ్డ నీలం రంగు రెండో వేసవికే సుద్దలా వెలిసింది, చేత్తో తుడిస్తే చేయి నీలం. పాలిష్ పెడితే ఆరు నెలలు బావుంటుంది, మళ్లీ మామూలే. ఇంకోసారైతే తెలుపే వేస్తాను. అణియం దగ్గర చిన్న పగులుకి ఎవరో చెప్పారని ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ వాడి, దాని మీద పాలియెస్టర్ జెల్‌కోట్ పూశాను. ఏడాది తిరక్కుండా పొలుసులా లేచిపోయింది. పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగానే పట్టుకుంటుంది గానీ, ఆరిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు. ఇప్పుడక్కడ మామూలు పెయింటు వేసి ఊరుకున్నాను. స్టీలు బోల్టులు 304 రకం కొన్నాను. మా పాయలో పోటు వచ్చినప్పుడు నీళ్లు ఉప్పన, వాటి చుట్టూ టీ మరకల్లాంటి తుప్పు దిగింది. ఉప్పుని ఇంకా బాగా తట్టుకునే 316 రకం పెట్టాల్సింది.

ఖర్చు: బోటు 22 వేలు, రెజిన్, మ్యాట్, జెల్‌కోట్ 24 వేలు, ప్లైవుడ్ ఆ ఉడికిన దాంతో కలిపి తొమ్మిదిన్నర, గ్రైండరు, మాస్కులు వగైరా ఎనిమిది, మేస్త్రి కూలి పన్నెండు, బోల్టులు, చిల్లర అయిదున్నర. వెరసి 81 వేలు, మోటారు కాక. డబ్బు మిగులుతుందని మాత్రం ఈ పనికి దిగకండి, నాకు మిగల్లేదు. చేతి దురద ఉండి, మీ ఊళ్లో పిలిస్తే వచ్చే మేస్త్రి ఒకరుంటే దిగండి. తడి ఫోమ్ బస్తాలు ఇప్పటికీ పశువుల పాక వెనకే ఉన్నాయి. కాల్చడానికి లేదు, తీసుకెళ్లేవాడు లేడు. దీని సంగతి మొదట్లో ఎవరూ చెప్పరు.

బోటు మాత్రం బాగా తిరుగుతోంది. ఇప్పుడు గట్టు మీదకి లాగడానికి నలుగురు చాలు. గౌతమి పాయలోనే తిప్పుతాను, మడ అడవి అభయారణ్యం లోపలికి అనుమతి లేకుండా వెళ్లను. ఆదివారం గాలాలు వేస్తే ఎప్పుడైనా ఒక పండుగొప్ప, ఎక్కువసార్లు ఉత్త చేతులు.

ఈసారి సుత్తి పరీక్షలో ఒక్కచోటే తేడా కొట్టింది. కుడిపక్క నడిమి బల్ల మూల, అరచేయి వెడల్పున, ‘డబ్’. బల్ల అంచు అక్కడ గోడకి సూటిగా తగులుతుంది, ఆ మూలని గుండ్రంగా చేయకుండా వదిలేసింది నేనే. మేస్త్రి వచ్చి చూసి, “ఈ ఏడాదికి పర్లేదండి, గీత గీసి పెట్టండి,” అన్నాడు. సుద్దముక్కతో చుట్టూ గీసి, పక్కన తేదీ వేశాను. వచ్చే మార్చికి డబ్‌మనే చోటు ఆ గీత దాటితే విప్పుతాం.